ఆన్‌లైన్‌లో క్లినికల్ సైకాలజీ: చదువు ఎంత, అర్హత ఎంత?

డిగ్రీ ముగించిన ఆడపిల్ల ఉన్న ఇళ్ళలో ఈ నాలుగైదేళ్ళుగా ఒక కొత్త మాట వినబడుతున్నది. క్లినికల్ సైకాలజీ చదివితే మంచి ఉద్యోగమట, ఊరు విడిచి పోనక్కరలేదట, చేతిలో సెల్‌ఫోను ఉంటే చాలునట. పట్నంలో హాస్టలు ఖర్చు భరించలేనివారికి, భరించగలిగినా పిల్లను ఒంటరిగా పంపడానికి వెనుకాడేవారికి ఈ మాట ఇంపుగా ఉండడం సహజమే. నెమిలి, గుడియాత్తం, వేలూరు చుట్టుప్రక్కల తెలుగు కుటుంబాలలో అటువంటివారే ఎక్కువ. ఆన్‌లైన్‌లో ఈ శాస్త్రం ప్రారంభ పాఠాలు చదవడం వృథా కాదు. అయితే ఆ చదువుతో ఏమి వస్తుంది, ఏమి రాదు అన్నది మాత్రం ప్రకటనలలో ఉండదు. అది తెలియకనే డబ్బు కడుతున్నారు.

కొంతకాలం క్రిందట నా పూర్వ విద్యార్థిని ఒకామె తండ్రితో కలిసి మా ఇంటికి వచ్చినది. తండ్రి మగ్గం నేసేవాడు. రెండు సవర్ల గొలుసు తాకట్టు పెట్టి, కూతురిచేత ఆరు వారాల ఆన్‌లైన్ శిక్షణ చదివించినాడు. రంగుల కాగితంపై అచ్చువేసిన ధ్రువపత్రం నా చేతిలో పెట్టి, "అయ్యోరూ, పాప ఇంక డాక్టరే గదా?" అని అడిగినాడు. ధ్రువపత్రంలో క్లినికల్ సైకాలజిస్టు అన్న మాట పెద్ద అక్షరాలతో ఉన్నది. ఏ విశ్వవిద్యాలయం పేరూ లేదు, ఏ ప్రభుత్వ సంస్థ గుర్తింపు సంఖ్యా లేదు. ఆ అమ్మాయి తెలివైనది, పాఠాలు శ్రద్ధగానే చదివినది. నేను అడిగిన ప్రశ్నలకు చక్కగా జవాబు చెప్పినది కూడ. ఆమె నేర్చినది నిజమే కాని ఆ కాగితానికి విలువ లేదు. ఈ రెండూ వేరువేరు సంగతులని ఆ తండ్రికి చెప్పడానికి నాకు గంటసేపు పట్టినది.

ఒక బడిపంతులు తెచ్చిన పిల్లవాడు

క్లినికల్ అన్న మాటకు మూలం గ్రీకు భాషలో పడక అని అర్థమిచ్చే పదం. పడక ప్రక్కన కూర్చొని రోగిని పరిశీలించే విద్య అన్న భావం అందులో ఉన్నది. మనస్తత్వ శాస్త్రానికి 1879లో జర్మనీలోని లైప్‌జిగ్‌లో విల్‌హెల్మ్ వుంట్ ప్రయోగశాల నెలకొల్పినాడు. ఆయన వద్ద చదువుకొన్న అమెరికా దేశస్థుడు లైట్నర్ విట్మర్ 1896లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో మొట్టమొదటి మనస్తత్వ చికిత్సాలయాన్ని తెరచినాడు. అక్కడికి వచ్చిన మొదటి కేసు పిచ్చిపట్టినవాడు కాదు. అక్షర క్రమం తప్పకుండ ఒక్క మాట కూడ వ్రాయలేని పదునాలుగేళ్ళ బాలుడు. వానిని వెంటబెట్టుకొని వచ్చినది ఒక పాఠశాల ఉపాధ్యాయిని. మిగతా పాఠాలలో బుద్ధిగా ఉన్న పిల్లవాడు అక్షరాల దగ్గర ఎందుకు ఆగిపోతున్నాడని ఆమె అడిగినది. విట్మర్ పరీక్షించగా కంటిచూపులో లోపం కూడ ఉన్నట్లు తేలినది. కళ్ళద్దాలు పెట్టించి, ఆపై చదవడంలో ప్రత్యేక శిక్షణ ఇప్పించినాడు. క్లినికల్ సైకాలజీ అన్న పేరును 1907లో తన పత్రికలో ప్రచారంలోకి తెచ్చినది కూడ ఆయనే.

ఉపాధ్యాయుడను గనుక ఈ కథ నాకు ఇష్టం. ఇష్టం ప్రక్కన పెట్టినా ఇందులో ఈ విద్య పద్ధతి అంతా ఉన్నది. ముందు వినాలి, తర్వాత కొలవాలి, శరీరంలో కారణం ఉన్నదేమో చూడాలి, ఆ తర్వాతనే మనసు సంగతి.

మన దేశంలో మనస్తత్వ శాస్త్రానికి మొదటి శాఖ 1916లో కలకత్తా విశ్వవిద్యాలయంలోను, తరువాత 1924లో మైసూరులోను ఏర్పడినవి. బెంగుళూరులో 1954లో అఖిల భారత మానసిక ఆరోగ్య సంస్థ ప్రారంభమై, ఆ మరుసటి సంవత్సరం నుండి క్లినికల్ సైకాలజీలో శిక్షణ ఇవ్వసాగినది. అదే 1974లో పాత మానసిక వైద్యశాలతో కలిసి నేటి నిమ్‌హాన్స్ అయినది. గుడియాత్తంలో రైలెక్కితే బెంగుళూరు చేరవచ్చు గనుక మన ప్రాంతం వారికి అది పరాయి చోటు కాదు.

పేర్లలో తికమక

మానసిక వైద్యుడు, అనగా సైకియాట్రిస్టు, ఎం.బి.బి.ఎస్. చదివి, ఆపై ఎం.డి. వంటి పట్టా పొందిన వైద్యుడు. మందులు వ్రాసే అధికారం ఆయనది. క్లినికల్ సైకాలజిస్టు వైద్య పట్టా కలిగినవారు కారు, మందులు వ్రాయరు. పరీక్షల ద్వారా సమస్యను నిర్ధారించడంలోను, మాటల ద్వారా, అలవాట్ల మార్పు ద్వారా చికిత్స చేయడంలోను శిక్షణ పొందినవారు. కుటుంబ పరిస్థితులు, పునరావాసం చూసుకొనే సైకియాట్రిక్ సోషల్ వర్కర్లు మరొక వర్గం. ఇక కౌన్సెలర్ అన్న పేరు మరీ విశాలమైనది. ఎవరు పడితే వారు పెట్టుకొంటున్నారు. పల్లెలో మాత్రం వీరందరూ మనసు డాక్టర్లే!

చట్టం ఈ విషయంలో తికమక పడలేదు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం క్లినికల్ సైకాలజిస్టు ఎవరో నిర్వచించినది. రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా, క్లుప్తంగా ఆర్.సి.ఐ., గుర్తించిన సంస్థ నుండి క్లినికల్ సైకాలజీలో గుర్తింపు పొందిన అర్హత ఉండాలి. లేదా మనస్తత్వ శాస్త్రంలో స్నాతకోత్తర పట్టాతో పాటు, ఆర్.సి.ఐ. ఆమోదం గల రెండేళ్ళ ఎం.ఫిల్. చేసి ఉండాలి. ఆ ఎం.ఫిల్. గురించి నిర్వచనంలో రెండు మాటలు ఉన్నవి. ఒకటి, పూర్తికాలపు చదువు. రెండవది, పర్యవేక్షణలో ఇచ్చే ఆసుపత్రి శిక్షణ. ఆరు వారాల శిక్షణైనా, ఆరు నెలల డిప్లొమా అయినా, సెల్‌ఫోనులో జరిగినంతవరకు ఈ రెండు మాటల దగ్గర ఆగిపోవలసిందే.

ఆర్.సి.ఐ. 1992 నాటి చట్టం ద్వారా ఏర్పడిన సంస్థ. అర్హులైనవారి పేర్లు ఒక కేంద్ర రిజిస్టరులో నమోదు చేస్తుంది. నమోదు లేకుండ వృత్తి సాగించినవారికి ఏడాది వరకు జైలు, లేదా వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చునని ఆ చట్టం చెబుతున్నది. వెయ్యి రూపాయలకు ఎవరు భయపడతారని కొందరు నవ్వవచ్చు. కాని తెలియక బోర్డు కట్టిన పిల్ల పేరు మీద కేసు నమోదైతే, ధ్రువపత్రం అమ్మినవారు వచ్చి నిలబడరు.

పర్యవేక్షణ ఎందుకన్న ప్రశ్న వస్తుంది. ఒక ఉదాహరణ చెబుతాను. రోజూ త్రాగే మనిషి జ్వరం వలననో, ఇంట్లో పోరు పడలేకనో ఒక్కసారిగా మానివేసినాడు. రెండు మూడు రోజులకు చేతులు వణకడం, చెమటలు పట్టడం, గోడ మీద పురుగులు పాకుతున్నవని అరవడం మొదలవుతుంది. ఇంట్లోవారు గాలి సోకినదని మంత్రగాని వద్దకు తీసుకొనిపోతారు. పాఠాలు చదివిన పిల్ల దీనిని మనోవ్యాధి అనుకొని మాట్లాడి శాంతపరచాలని చూడవచ్చు. రెండూ ప్రమాదమే. అది మద్యం ఆగినందువలన మెదడులో కలిగే తీవ్ర స్థితి, ప్రాణాపాయం ఉన్నది, వెంటనే ఆసుపత్రిలో చేర్చవలసినది. అలాగే థైరాయిడ్ తక్కువైన స్త్రీ నీరసంగా, ఏ పనిమీదా మనసు లేకుండ ఉంటే కుంగుబాటు వలెనే కనబడుతుంది. కొన్ని రకాల మూర్ఛలు చూడడానికి పూనకం వలె ఉంటాయి. వీటిని వేరుచేసి చూసే కన్ను, అనుభవజ్ఞుల ప్రక్కన నిలబడి వందల మందిని చూసినప్పుడు వచ్చేది. మగ్గం పని పుస్తకంలో చదివి నేర్చినవాడు ఉన్నాడా?

2025లో వచ్చిన మార్పు

ఇంతకుముందు దూరవిద్య ద్వారా మనస్తత్వ శాస్త్రంలో ఎం.ఏ. చదవడానికి వీలుండేది. ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం వారి ఎం.ఏ. సైకాలజీలో క్లినికల్ విభాగం కూడ ఉండడం వలన ఉద్యోగస్థులు, గృహిణులు అనేకులు అందులో చేరినారు. అయితే 2025లో విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘం, అనగా యు.జి.సి., ఒక ముఖ్యమైన నిర్ణయం ప్రకటించినది. అనుబంధ ఆరోగ్య వృత్తుల జాతీయ కమిషన్‌కు సంబంధించిన 2021 నాటి చట్టం పరిధిలోకి వచ్చే చదువులను దూరవిద్యగా గాని, ఆన్‌లైన్ పట్టాగా గాని 2025 జూలై-ఆగస్టు విద్యాసంవత్సరం నుండి నడపరాదన్నది ఆ నిర్ణయం. సైకాలజీ, మైక్రోబయాలజీ, ఆహార పోషణ శాస్త్రం మొదలైనవి ఆ జాబితాలో ఉన్నవి. కనుక ఇప్పుడు ఎవరైనా వచ్చి "ఆన్‌లైన్‌లో క్లినికల్ సైకాలజీ పట్టా, ప్రభుత్వ గుర్తింపు ఉన్నది" అని కొత్తగా చేర్చుకొంటామంటే, ఆ గుర్తింపు పత్రం తేదీ ఏమిటని అడగండి. పాత పత్రం చూపి కొత్త డబ్బు అడిగేవారు ఉన్నారు.

ఈ నిర్ణయం వలన పల్లె పిల్లలకు ఒక దారి మూసుకొన్నదన్నది నిజం. కాలేజీ దూరంగా ఉన్నవారికి, పెళ్ళయి పిల్లలున్నవారికి అది కష్టమే. అయినను మనిషి మనసుకు చికిత్స చేసే చదువు ఆసుపత్రి ముఖం చూడకుండ ముగియరాదన్న ఆలోచనను నేను తప్పుపట్టలేను.

ఇక ఎం.ఫిల్. సంగతి. యు.జి.సి. 2022లో ఎం.ఫిల్. అన్న పట్టానే రద్దు చేసినది. క్లినికల్ సైకాలజీకి, సైకియాట్రిక్ సోషల్ వర్క్‌కు మాత్రం 2025-26 విద్యాసంవత్సరం వరకు ప్రవేశాలు కొనసాగించవచ్చునని 2024 జనవరిలో ప్రకటించినది. ఈలోగా ఆర్.సి.ఐ. క్లినికల్ సైకాలజీలో నాలుగేళ్ళ బి.ఎస్సీ. ఆనర్స్, ఎం.ఏ., సై.డి. అన్న కొత్త చదువులను రూపొందించినది. అందువలన ఇప్పుడు ప్లస్ టూ చదువుతున్న పిల్లలు పాత దారిని నమ్ముకొని ఉండక, ఏ కళాశాలకు ఏ చదువు నడపడానికి ఆమోదం ఉన్నదో ఆర్.సి.ఐ. వెబ్‌సైటులో ఆ సంవత్సరపు జాబితా చూసుకొనవలెను. పాత లెక్క ప్రకారం డిగ్రీకి మూడేళ్ళు, ఎం.ఏ. లేదా ఎం.ఎస్సీ.కి రెండేళ్ళు, ఎం.ఫిల్.కు రెండేళ్ళు, వెరసి ఏడేళ్ళు. ఎం.ఫిల్.లో చేరడానికి స్నాతకోత్తర పట్టాలో 55 శాతం మార్కులు కావలసి ఉండేవి, రిజర్వేషను వర్గాలకు కొంత సడలింపు ఉండేది. బెంగుళూరు నిమ్‌హాన్స్, రాంచీలోని కేంద్ర మానసిక వైద్య సంస్థ, చెన్నై పోరూరులోని శ్రీ రామచంద్ర, సికిందరాబాదులోని స్వీకార్ ఈ శిక్షణలో పేరుపొందిన చోట్లు.

ఏడేళ్ళు అనగానే తండ్రుల ముఖాలు చిన్నబోతాయి. ఇంజనీరింగ్‌కు నాలుగేళ్ళే కదా అంటారు. మొదటి మూడేళ్ళ డిగ్రీ ఎటుచూసినా చదివించేదే. అది సైకాలజీలో చదివించితే సరిపోతుంది. చాలా కళాశాలలలో ప్లస్ టూలో ఏ గ్రూపు చదివినా బి.ఎస్సీ. సైకాలజీలో చేరవచ్చు.

మరి ఆన్‌లైన్‌లో ఏమి చదవవచ్చు?

పట్టా కోసం కాక తెలివికోసం చదివేవారికి తలుపులు తెరిచే ఉన్నవి. పైగా చాలావరకు ఉచితం. కేంద్ర ప్రభుత్వం 2017 జూలైలో ప్రారంభించిన స్వయం అన్న వేదికలో ఐ.ఐ.టి. ఆచార్యులు చెప్పిన మనస్తత్వ శాస్త్ర పాఠాలు ఉన్నవి. వాటిలో ఎన్.పి.టి.ఇ.ఎల్. పేరిట నడిచేవి నాలుగు, ఎనిమిది, లేక పన్నెండు వారాలు సాగుతాయి. పాఠాలు చూడడానికి రుసుము లేదు. ధ్రువపత్రం కావలసినవారు మాత్రమే పరీక్ష రుసుము కట్టి, నగరంలోని పరీక్షా కేంద్రానికి స్వయంగా వెళ్ళి వ్రాయవలెను. వారం వారం ఇచ్చే అభ్యాసాలకు 25 మార్కులు, పరీక్షకు 75 మార్కులు. అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో పాల్ బ్లూమ్ చెప్పిన సైకాలజీ పరిచయ పాఠాలు కూడ ఎవరైనా ఉచితంగా వినవచ్చు. ఓపెన్‌స్టాక్స్ వారి సైకాలజీ పాఠ్యపుస్తకాన్ని పైసా ఖర్చు లేకుండ ఫోనులోకి దించుకొనవచ్చు. మానసిక రుగ్మతల గురించి, చికిత్సల గురించి అందులో వేర్వేరు అధ్యాయాలు ఉన్నవి.

ఇవన్నీ ఇంగ్లీషులో ఉండడం మన పిల్లలకు అడ్డంకి. నేను నా విద్యార్థులకు చెప్పే ఉపాయం ఒకటి ఉన్నది. పాఠం విన్న రోజుననే దానిలోని నాలుగు ముఖ్యమైన పదాలను తీసుకొని, అమ్మకు చెబుతున్నట్లు తెలుగులో ఒక పేజీ వ్రాయడం. వ్రాయలేకపోతే అర్థం కాలేదన్నమాట. మళ్ళీ వినాలి. పరీక్షకు చదివేవారు కంఠస్థం చేస్తారు. ఈ శాస్త్రం కంఠస్థానికి లొంగదు.

ప్రారంభ పాఠాలలో మొదట వచ్చేది, ఏది రుగ్మత, ఏది కాదు అన్న విచారణ. ప్రపంచ ఆరోగ్య సంస్థ రుగ్మతల వర్గీకరణలో పదకొండవ కూర్పు 2022 జనవరి నుండి అమలులోకి వచ్చినది. అమెరికా మానసిక వైద్యుల సంఘం వర్గీకరణలో అయిదవ కూర్పు 2013లోను, దాని సవరణ 2022లోను వెలువడినవి. ఇక్కడ విద్యార్థి గమనించవలసినది కాలపరిమాణం. దుఃఖం రుగ్మత కాదు. కనీసం రెండు వారాలు, దాదాపు రోజంతా, ఇంచుమించు ప్రతి రోజూ దిగులుగానో, దేనిమీదా ఆసక్తి లేకుండగానో ఉండి, నిద్ర, ఆకలి, శక్తి, ఏకాగ్రత వంటివి కూడ చెడినప్పుడే కుంగుబాటు అన్న అనుమానం రావలెను. చంచలమైన పిల్లవాడిని చూడగానే ఏ.డి.హెచ్.డి. అనడం ఇప్పుడు వాడుక అయినది. ఆ లక్షణాలు పన్నెండేళ్ళలోపే మొదలై ఉండాలి, బడిలోను ఇంటిలోను, అనగా కనీసం రెండు చోట్ల కనబడాలి అన్న నియమం ఉన్నది. లెక్కల మాస్టారి గంటలో మాత్రమే కుదురుగా కూర్చోని పిల్లవాడి విషయంలో ముందుగా లెక్కల మాస్టారితో మాట్లాడడం మంచిది.

తర్వాత కొలతలు. బుద్ధి పరీక్షలలో సగటు 100గా, విస్తరణ కొలత 15గా పెట్టుకొంటారు. అందరిలో మూడింట రెండు వంతుల మంది 85కు, 115కు మధ్య వస్తారు. 70కి దిగువన వచ్చినంత మాత్రాన బుద్ధిమాంద్యమని తేల్చరు. తన పనులు తాను చేసుకోవడం, డబ్బు లెక్కపెట్టడం, నలుగురిలో మెలగడం ఎలా ఉన్నదో కూడ చూస్తారు. ఆపై చికిత్సలు. 1950లలో జోసెఫ్ వోల్పే భయాన్ని మెట్టు మెట్టుగా ఎదుర్కొనే పద్ధతిని, 1960లలో ఆరన్ బెక్ తప్పు ఆలోచనలను గుర్తించి సరిచేసుకొనే పద్ధతిని ప్రవేశపెట్టినారు. నేటికీ క్లినికల్ సైకాలజిస్టులు చేసే పనిలో ఎక్కువ భాగం ఈ రెండు వేళ్ళ నుండి పెరిగినదే.

ఒక హెచ్చరిక. రుగ్మతల లక్షణాలు కొత్తగా చదివినవారికి ఊరంతా రోగులుగానే కనబడతారు. అత్తగారు, తోడికోడలు, పక్కింటి పెద్దాయన, ఎవరూ మిగలరు. శిక్షణ కళాశాలలో మనస్తత్వ శాస్త్రం చదివిన కొత్తలో నేను కూడ నా తరగతిలో సగం మందికి పేర్లు పెట్టినాను. ఆ జబ్బు నెలరోజులలో తగ్గిపోతుంది.

ఇంట తెలుగు, బడిలో తమిళం

ఈ విద్యలో మన సరిహద్దు కుటుంబాలకు అన్నిటికన్న పనికివచ్చే భాగం ఇది. పట్నాల పుస్తకాలలో దీని గురించి అరుదుగా వ్రాస్తారు.

తెలుగు ఇంట పెరిగిన పిల్ల ఒకటవ తరగతిలో తమిళ అక్షరాలు దిద్దుతుంది. తెలుగులో క, ఖ, గ, ఘ అని నాలుగు అక్షరాలు ఉన్నవి. తమిళంలో ఆ నాలుగింటికి ఒకే అక్షరం. మాటలో దాని స్థానాన్ని బట్టి ధ్వని మారుతుంది. ప, బ సంగతి కూడ అంతే. తమిళ్ అన్న మాటలోనే చివర ఉన్న ధ్వని నేటి తెలుగు నోటికి అలవాటు లేనిది. డిక్టేషన్‌లో ఈ పిల్ల చేసే తప్పులు చూసి, పక్కనున్న తమిళ పిల్లతో పోల్చి, మందబుద్ధి అన్నవారిని నేను చూసినాను. ఇప్పుడు కొత్తగా డిస్లెక్సియా అంటున్నారు. నిజానికి 2013 నాటి అమెరికా వర్గీకరణలోనే స్పష్టంగా ఉన్నది: పాఠం చెప్పే భాష బాగా రానందువలన కలిగిన ఇబ్బందిని అభ్యసన లోపంగా లెక్కించరాదు. అంతకుముందు చూపు, వినికిడి పరీక్షించవలెను. విట్మర్ 1896లో చేసినది అదే కదా.

అలాగని ప్రతి తప్పునూ భాషమీదికి నెట్టివేయడం కూడ అన్యాయమే. రెండు భాషలలోను, ఏళ్ళు గడిచినా, మిగతా తెలివి చక్కగా ఉండి, చదవడం వ్రాయడం మాత్రం కుదరని పిల్లలు నిజంగా ఉన్నారు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన ఇరవై ఒక్క వైకల్యాలలో నిర్దిష్ట అభ్యసన లోపం కూడ ఒకటి. నిర్ధారణ అయితే పరీక్షలలో అదనపు సమయం వంటి సదుపాయాలకు ఆస్కారం ఉన్నది. కావలసినప్పుడు ఆ పత్రం పొందకపోతే నష్టపోయేది పిల్లే.

కనుక పరీక్ష ఏ భాషలో జరుగుతున్నదన్నది కీలకం. ఫ్రాన్సు దేశస్థుడు బినే 1905లో తయారుచేసిన బుద్ధి పరీక్షను మన దేశానికి మార్చినవారిలో వి.వి. కామత్ ముఖ్యుడు. ఆయన దానిని మరాఠీ, కన్నడ పిల్లలకు అనుగుణంగా మలచినాడు. అటువంటి పరీక్షను ఎవరో అప్పటికప్పుడు తెలుగులోకి చెప్పి, పిల్ల జవాబును మళ్ళీ తమిళంలోకి మార్చి అంకె వేస్తే ఆ అంకెను ఎంతవరకు నమ్మవచ్చు? ప్రశ్న కష్టం మారిపోతుంది, పోల్చే ప్రమాణం మారదు. పిల్లను పరీక్షకు తీసుకొని వెళ్ళినప్పుడు ఇంటి భాష తెలుగు అని ముందుగానే చెప్పండి. సమ్మతిస్తే మాటలతో పని తక్కువగా ఉండే బొమ్మల పరీక్షలు కూడ చేస్తారు.

పెద్దల విషయంలోను ఇంతే. తమిళ స్త్రీ "మనసు సరి ఇల్లై" అంటుంది. మన స్త్రీ మనసు ఊసే ఎత్తక గుండె దడ, తల బరువు, ఒళ్ళంతా తిమ్మిరి, కడుపులో ఏదో తిప్పుతున్నది అంటుంది. దానిని తమిళంలోకి మక్కికి మక్కి మార్చి చెప్పితే గుండె పరీక్ష, కడుపు పరీక్ష జరుగుతాయి, ఇల్లు గుల్ల అవుతుంది. రెండు భాషలు తెలిసి, ఈ శాస్త్రం ప్రారంభ పాఠాలు చదివిన పిల్ల ఇంట్లో ఉంటే, "నిద్ర ఎలా ఉన్నది, ఎన్నాళ్ళ నుండి, చచ్చిపోదామన్న తలపు వచ్చినదా" అని తెలుగులో అడిగి డాక్టరుకు తమిళంలో చెప్పగలదు. చావు గురించి అడిగితే లేని తలపు పుట్టుతుందని పెద్దలు భయపడతారు. అది నిజం కాదు. అడిగితే చెప్పుకొని కొంత తేలికపడతారు. ఆ ఆరు వారాల చదువుకు ఈ పని చేయగల శక్తి ఉన్నది. చికిత్స చేయగల శక్తి లేదు.

బాగాయం

మన ప్రాంతానికి ఉన్న భాగ్యం వేలూరు. ఐడా స్కడర్ 1900లో చిన్న చికిత్సాలయంగా ప్రారంభించిన సి.ఎం.సి. ఆసుపత్రికి బాగాయంలో మానసిక ఆరోగ్య కేంద్రం ఉన్నది. రోగిని ఇంటివారి నుండి వేరుచేసి తాళం వేసే కాలంలో, 1950ల చివరి నుండే, ఇంటి మనిషి రోగితో పాటు అక్కడనే ఉండే పద్ధతిని ఆ కేంద్రం అనుసరించినది. వంట, సేవ, మందు వేయడం, మాట్లాడడం అన్నీ ఇంటి మనిషి నేర్చుకొని తిరిగి ఊరికి పోతారు. చిత్తూరు, పలమనేరు వైపు తెలుగువారు కూడ ఎందరో వేలూరుకే వస్తారు.

ఇదే రాష్ట్రంలో ఏర్వాడిలో 2001 ఆగస్టు 6న జరిగినది మరువరానిది. దర్గాకు తెచ్చిన రోగులను ఉంచిన పాకలో నిప్పంటుకొని 28 మంది చనిపోయినారు. గొలుసులతో కట్టివేయబడి ఉన్నందున పరుగెత్తలేకపోయినారు. వారిని అక్కడ వదలినవారు క్రూరులు కారు, మరొక దారి తెలియని కుటుంబాలవారు. 2017 చట్టం మానసిక రోగిని ఏ విధంగానైనా గొలుసుతో కట్టడాన్ని నిషేధించినది.

నిమ్‌హాన్స్ 2015-16లో పన్నెండు రాష్ట్రాలలో జరిపిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో పెద్దలలో 10.6 శాతం మందికి ఆ సమయంలో ఏదో ఒక మానసిక రుగ్మత ఉన్నట్లు తేలినది. అందులో తమిళనాడు ఉన్నది, ఆంధ్రప్రదేశ్ లేదు. నూరు మంది పెద్దలున్న వీధిలో పదిమంది అన్నమాట. వారిలో ఎక్కువమంది చికిత్స వరకు రారు.

వచ్చే ముందు ఫోనులో మాట్లాడదలచినవారికి టెలి మానస్ ఉన్నది. 2022 అక్టోబరు 10న ప్రారంభమైనది. 14416 అన్న నంబరుకు రాత్రింబవళ్ళు ఎప్పుడైనా ఉచితంగా ఫోను చేయవచ్చు. తమిళం గాని తెలుగు గాని భాష ఎంచుకొనవచ్చు. పేరు చెప్పకపోయినా మాట్లాడతారు. పిల్లలు పరీక్షా ఫలితాల రోజులలో ఈ నంబరును గోడ మీద వ్రాసి పెట్టుకొనడం మంచిది.

డబ్బు కట్టేముందు మూడు ప్రశ్నలు అడగండి. ఈ చదువు ముగిస్తే ఆర్.సి.ఐ. రిజిస్టరులో పేరు నమోదవుతుందా? ఆసుపత్రిలో ఎన్ని గంటలు, ఎవరి పర్యవేక్షణలో? పట్టా ఇచ్చే విశ్వవిద్యాలయం ఏది? "తర్వాత చెబుతాం, ముందు సీటు ఖాయం చేసుకోండి" అన్నారంటే ఫోను పెట్టివేయవచ్చు. మొదట చెప్పిన అమ్మాయి ఆ ధ్రువపత్రాన్ని పెట్టె అడుగున పెట్టి, రెగ్యులర్ ఎం.ఎస్సీ. సైకాలజీలో చేరినది. గొలుసు ఇంకా తాకట్టులోనే ఉన్నది.

బాగాయానికి వెళ్ళేవారు రోగితో రోజూ ఒకే కప్పు క్రింద ఉండే మనిషిని వెంట తీసుకొని వెళ్ళవలెను. ఊరి పెద్దను కాదు. పాత మందు చీటీలు, మందు అట్టలు పారవేయక పట్టుకొని పోవలెను. పిల్ల విషయమైతే ఈ సంవత్సరపు నోటుపుస్తకాలు, నిరుటివి, తమిళంలో వ్రాసినవి, తెలుగులో వ్రాసినవి ఏవైనా ఉంటే అవీ, అన్నీ ఒక సంచిలో వేసుకొని వెళ్ళండి.